గన్నారెడ్డికి పడ్డ ఈలలు

2015లో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ వచ్చినప్పుడు, రుద్రమగా అనుష్క ఉన్నా, మా ఉండి ఊరి కుర్రాళ్ళ ఈలలన్నీ గోన గన్నారెడ్డికే. అల్లు అర్జున్ తెర మీదికి వస్తే చాలు, హాలు హోరెత్తిపోయేది. సామంతుల్ని దోచుకునే ఆ గజదొంగను నవలానాయకుణ్ణి చేసినాయన మన పక్కనున్న భీమవరంలో 1895లో పుట్టారు. ఆయనే అడివి బాపిరాజు. అభిమానులకు బాపిబావ.

చారిత్రక కథ రాయడానికి కూర్చుంటే నేను నోటుబుక్కు పేజీకి మధ్యలో గీత గీస్తాను. ఎడమవైపు శాసనం చెప్పింది, కుడివైపు నేను కల్పించేది. గన్నారెడ్డికి ఆ పేజీ వేస్తే ఎడమవైపు పట్టుమని రెండు వరుసలు నిండవు. గోన వంశం, వర్ధమానపురం సీమ, కాకతీయులకు సామంతుడు, అంతే. పెళ్ళికొడుకునే ఎత్తుకుపోవడం, దోపిడీల మాటున రుద్రమకు అండగా నిలవడం, ఇవన్నీ బాపిరాజుగారి కుడివైపు. ఈలలు పడిందీ వాటికే.

అలాగని ఎడమవైపును కొట్టిపారేస్తే కుదరదు. రుద్రమ మరణాన్ని చెప్పే 1289 నాటి చందుపట్ల శాసనాన్ని పక్కకు జరిపి కథ నడపలేం.

కుడివైపు నింపడానికి ఊహ ఒక్కటే చాలదు, కన్ను కావాలి. బాపిరాజుగారు బొమ్మలు వేసినాయన, సినిమాలకు కళాదర్శకత్వం చేసినాయన. శాతవాహనుల కాలం మీద ఆయన రాసిన ‘హిమబిందు’ చదివి, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి పలకల ముందు నిలబడండి. నడుముల మీది మొలనూళ్ళు, చేతుల నిండా కడియాలు, కొప్పులు చూస్తుంటే నవల మళ్ళీ చదువుతున్నట్టే ఉంటుంది.

సినిమావాళ్ళూ గన్నారెడ్డి పేజీలో ఓ వరుస చేర్చారు. పాలమూరు వీరుడికి తెలంగాణ యాస పెట్టారు. నవలలో లేదని గొణిగినవాళ్ళున్నారు గానీ, నాకు మాత్రం అది ఆ మనిషికి సరిగ్గా అతికినట్టనిపించింది.

మరి మన సీమ మాటేమిటి? ఏలూరు దగ్గరి పెదవేగే ఒకప్పటి వేంగి. సముద్రగుప్తుడు ఓడించి వదిలిపెట్టిన దక్షిణాది రాజుల్లో వేంగి హస్తివర్మ పేరు అలహాబాదు స్తంభం మీద ఉంది. ఓడి ఇంటికొచ్చిన రాజు ఊళ్ళోవాళ్ళ ముఖం ఎలా చూశాడు? కప్పం మోసినవాళ్ళు ఏమనుకున్నారు? ఎడమవైపు ఒక్క ముక్క, కుడివైపు కొల్లేరంత చోటు. చారిత్రక చిత్రాల సెట్లకు కోట్లు పోసే నిర్మాతలు, అందులో కాస్త తీసి ఓ నవలాకారుణ్ణి రెండేళ్ళు పోషిస్తే బాగుంటుంది.