‘ఎవరికేం నష్టం సార్?’

పదిహేను కిలోమీటర్లు, 21 నిమిషాలు. 2007 బెర్లిన్ మారథాన్‌లో మెక్సికో రాజకీయ నాయకుడు రొబెర్తో మద్రాసో ఖాతాలో టైమింగ్ చిప్ రాసిన లెక్క ఇది. అంతకు ముందు ఏడాదే ఆయన దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. బెర్లిన్‌లో మాత్రం 55 ఏళ్ల వయోవర్గంలో 2 గంటల 40 నిమిషాల 57 సెకన్లతో మొదటి స్థానం కొట్టేశాడు. మధ్యలో రెండు చెక్‌పాయింట్ల దగ్గర ఆయన జాడే లేదు.

పరుగుతో పరిచయం లేనివాళ్ల కోసం ఒక చిన్న లెక్క చెబుతాను. 2023లో షికాగోలో కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టమ్ 42.195 కిలోమీటర్లను 2 గంటల 35 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ వేగంతో పోయినా పదిహేను కిలోమీటర్లకు దాదాపు 43 నిమిషాలు పడుతుంది. మద్రాసో దానికి రెట్టింపు వేగంతో వెళ్లాడన్నమాట! తమాషా ఏమిటంటే, అనుమానం మొదలైంది అంకెల వల్ల కాదు, ఒక ఫొటో వల్ల. చుట్టూ ఉన్నవాళ్లు నిక్కర్లు, బనియన్లతో చెమటలు కక్కుతుంటే ఈయన గాలి కోటు, పొడవాటి ప్యాంటు, టోపీతో, రెండు చేతులూ పైకెత్తి, నవ్వుతూ గీత దాటుతున్నాడు. గాయమై మధ్యలోనే మానేశాననీ, తన బట్టల కోసం అక్కడికి వచ్చాననీ తర్వాత చెప్పుకున్నాడు. బట్టల కోసం వచ్చిన మనిషి చేతులెత్తి గీత దాటడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఈ జబ్బు మారథాన్‌కి పుట్టుకతోనే ఉంది. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్‌లో మూడో స్థానంలో వచ్చిన గ్రీకు రన్నర్ కొంత దూరం గుర్రబ్బండి ఎక్కాడని తేలి, ఆ స్థానం హంగరీ రన్నర్‌కి ఇచ్చారు. 1904లో సెయింట్ లూయిస్‌లో ఫ్రెడ్ లోర్జ్ కండరాలు పట్టేసి కారెక్కాడు. కారు చెడిపోయిన చోట దిగి, పరుగెత్తుకుంటూ స్టేడియంలోకి వచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. సరదాకి చేశానన్నాడు. ఆ మరుసటి ఏడాది అదే లోర్జ్ బోస్టన్ మారథాన్‌ను కాళ్ల మీదే గెలిచాడు.

పతకం, డబ్బు, ఉద్యోగం ముడిపడి ఉన్నవాళ్లు తప్పుదారి పట్టారంటే కారణం కనబడుతుంది. 1999లో దక్షిణాఫ్రికాలో, దాదాపు తొంభై కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగులో, చూడ్డానికి ఒకేలా ఉండే ఇద్దరు అన్నదమ్ములు దారిలో టాయిలెట్లలో దూరి ఒకరి బదులు ఒకరు పరుగెత్తి తొమ్మిదో స్థానం సంపాదించారు. పత్రికల్లో వచ్చిన ఫొటోలలో చేతి గడియారం ఒకచోట కుడి మణికట్టుకు, ఇంకోచోట ఎడమ మణికట్టుకు కనబడి దొరికిపోయారు. ఆ బహుమతి డబ్బు వాళ్లకి అవసరం. చేసింది తప్పే గానీ ఎందుకు చేశారో అర్థమవుతుంది.

నాకు అర్థం కానిది మనలాంటి వాళ్ల సంగతి. ఫీజు మనమే కడతాం. తెల్లవారుజామున మూడింటికి లేచి మనమే పోతాం. మొదట వచ్చినవాడికీ ఆఖర్న వచ్చినవాడికీ మెడలో పడే ఫినిషర్ మెడల్ ఒక్కటే. ఆ పైన ఒక టీషర్టు, ఒక అరటిపండు, ఇంత ఉప్మా. దీనికోసం అడ్డదారా?

కొన్నేళ్ల కిందట హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ఒక చిన్న టెన్‌కే రన్‌లో యూ-టర్న్ దగ్గర వాలంటీరుగా నిలబడ్డాను. చిన్న రన్‌లలో యూ-టర్న్ దగ్గర చిప్‌ను చదివే టైమింగ్ మ్యాట్ పెట్టే స్తోమత ఉండదు. తిరిగిన ప్రతివాళ్ల చేతికీ ఒక రబ్బర్‌బ్యాండ్ ఇవ్వడమే నా డ్యూటీ. కోన్ ఇంకా కొంత దూరం ఉండగానే ఒకాయన డివైడర్ దాటి, తిరిగి వెళ్తున్న గుంపులో కలిసిపోయాడు. “అన్నా, బ్యాండ్ తీసుకోలేదు!” అని అరిచాను. ఆయన ఆగలేదు, కోప్పడలేదు, కాస్త వెనక్కి తిరిగి నవ్వాడు. “ఎవరికేం నష్టం సార్? నేనేమన్నా ప్రైజ్ అడుగుతున్నానా?”

ఆయన అడిగింది సూటి ప్రశ్న. నిజం చెప్పాలంటే, ఆయన విషయంలో జవాబు కూడా సూటిదే. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇంటికెళ్లి స్టేటస్‌లో మెడల్ ఫొటో పెట్టుకుంటాడు, బావమరిది లైక్ కొడతాడు. అక్కడితో సరి. మెక్సికో సిటీ మారథాన్‌లో జరిగింది చాలావరకు ఇదే. 2013 నుంచి 2018 దాకా అక్కడ ఏడాదికొక ఇంగ్లిష్ అక్షరం ఆకారంలో మెడల్ ఇచ్చారు. ఆరూ కూడబెడితే ‘మెక్సికో’ అవుతుంది. ఒక అక్షరం తప్పిపోతే సెట్టు పాడైపోతుందని మెట్రో ఎక్కి అయినా సరే గీత దాటేవాళ్లు బయల్దేరారు. 2017లో దాదాపు ఆరు వేల మందిని అనర్హులుగా ప్రకటించారు. మెడల్ అక్షరాలు అయిపోయినా అలవాటు పోలేదు. 2023లో సుమారు ముప్ఫై వేల మంది పాల్గొంటే పదకొండు వేల మంది మీద వేటు పడింది. మూడోవంతు కన్నా ఎక్కువ! ఇంతమందిని మోసగాళ్లని అనడానికి నాకు నోరు రావడం లేదు. వాళ్లకి కావలసింది పరుగు కాదు, పరుగెత్తారన్న పేరు.

కానీ అదే మాట జాక్లిన్ గారో దగ్గర అనగలమా? 1980 ఏప్రిల్ 21, బోస్టన్. కెనడా నుంచి వచ్చిన ఈమె ఆడవాళ్లలో అందరికన్నా ముందుంది. నువ్వే ఫస్ట్ అని దారి పొడుగునా జనం కేకలేస్తున్నారు. 2 గంటల 34 నిమిషాల 28 సెకన్లకి గీత దాటి చూసేసరికి, అప్పటికే ఇంకో అమ్మాయి నెత్తిన విజేత కిరీటం ఉంది. ఆమె పేరు రోసీ రూయిజ్, టైమ్ 2:31:56. ముఖంలో అలసట లేదు, ఒంటి మీద పెద్దగా చెమట లేదు. మగవాళ్లలో గెలిచిన బిల్ రాడ్జర్స్‌కి ఆమెతో మాట్లాడగానే తేడా కొట్టింది. స్ప్లిట్లు, అంటే ఏ మైలు ఎంతలో దాటావు అన్న మామూలు మాట కూడా ఆమెకి తెలియలేదు. గంటల తరబడి పరుగెత్తినవాళ్లకి ఆ అంకెలు నిద్రలో లేపినా నోటికొస్తాయి. ముగింపుకి మైలు కన్నా తక్కువ దూరంలో ఆమె జనంలోంచి రోడ్డు మీదికి రావడం చూశామని ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు చెప్పారు. ఆమెకి అర్హత తెచ్చిన 1979 న్యూయార్క్ మారథాన్ సమయంలో ఆమె సబ్‌వే రైల్లో కనిపించిందని ఇంకొకరు చెప్పారు. ఎనిమిది రోజుల తర్వాత రూయిజ్ ఫలితాన్ని రద్దు చేశారు. ఆమె 2019లో చనిపోయేదాకా బహిరంగంగా ఒప్పుకోలేదు.

బోస్టన్‌లో నగదు బహుమతి మొదలైంది 1986లో. అంటే 1980లో గారో పోగొట్టుకున్నది ఒక్క డాలరు కూడా కాదు. ఆడవాళ్లలో మొదటి మనిషిగా గీత దాటే ఆ ఒక్క నిమిషం. తర్వాత మెడల్ ఇచ్చారు, సన్మానం చేశారు, రికార్డుల్లో పేరు రాశారు. ఆ నిమిషం మాత్రం ఎవరూ తెచ్చివ్వలేకపోయారు. ప్రొఫెషనల్‌కి నష్టపరిహారం లెక్క కట్టొచ్చు, అమెచ్యూర్‌కి కట్టలేం. అందుకే అమెచ్యూర్ల పోటీలో మోసం చిన్నదన్న మాటను నేను ఒప్పుకోను.

బోస్టన్‌లోనే ఇంకో నష్టం ఉంది, ఎవరి కంటికీ కనపడనిది. ఆ పరుగుకి చాలావరకు అర్హత టైమ్ సాధించినవాళ్లే అప్లై చెయ్యాలి. అప్లికేషన్లు ఎక్కువైతే అర్హత సమయం కన్నా ఇంకా వేగంగా వచ్చినవాళ్లకే చోటు. 2025కి ఆ కోత 6 నిమిషాల 51 సెకన్లు. ఆ ఏడాదికి ముప్ఫై అయిదేళ్ల లోపు మగవాళ్లకి అర్హత మూడు గంటలు కాబట్టి 2:53:09లో వచ్చినవాడు లోపల, 2:53:10లో వచ్చినవాడు బయట. ఎక్కడో ఎవరో దారి కత్తిరించో, ఇంకొకరి చేత పరుగెత్తించుకునో అర్హత తెచ్చుకుంటే ఆ కోత అంతకంతకూ పెరుగుతుంది. బయట పడినవాడికి తన సీటు ఎవరు తీసుకున్నారో ఎప్పటికీ తెలియదు. మన కేబీఆర్ పార్కు చుట్టూ చీకట్లో తిరిగేవాళ్లలో కూడా ఆ అర్హత సమయాన్ని గోడ మీద రాసుకున్నవాళ్లున్నారు.

సరే, పట్టుకునేది ఎలా? రన్నర్లు ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితాన్ని బిబ్ అంటారు. దాని వెనక అంటించిన చిప్‌కి బ్యాటరీ ఉండదు. రోడ్డు మీద పరిచిన మ్యాట్‌ను దాటినప్పుడు మెట్రో గేటు దగ్గర కార్డు పెట్టినట్టే నంబరు, సమయం నమోదవుతాయి. పెద్ద మారథాన్లలో ప్రతి అయిదు కిలోమీటర్లకూ, మలుపుల దగ్గరా మ్యాట్లు ఉంటాయి. దారి పొడుగునా ఫొటోలు తీస్తారు. ఇవి చాలకపోతే రన్నర్ చేతి వాచీలోని జీపీఎస్ ఉంది. సైకిలెక్కినవాడి వాచీ దూరం చూపిస్తుంది గానీ నిమిషానికి ఎన్ని అడుగులు పడ్డాయో చూపించలేక నీళ్లు నములుతుంది. 2018లో చైనాలోని షెంజెన్ హాఫ్ మారథాన్‌లోనైతే రోడ్డు మీద ట్రాఫిక్ కెమెరాలే సాక్ష్యం చెప్పాయి. చెట్ల మధ్య నుంచి అవతలి రోడ్డుకి జారుకుంటున్నవాళ్లు వరసగా కనిపించారు. దొంగ బిబ్‌లూ అన్నీ కలిపి 258 మంది దొరికారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మారథాన్ అయిన ఆదివారం సాయంత్రం రిజల్ట్స్ లింకు వాట్సాప్ గ్రూపులోకి వచ్చాక మొదలయ్యేది వేరే కథ. “ముప్ఫై కిలోమీటర్ల దగ్గర ఈవిడ స్ప్లిట్ ఖాళీగా ఉందేంటి?” “పోయినేడాది అయిదు గంటలు కదా, ఇప్పుడు నాలుగుంపావా?” ఒక నవ్వు బొమ్మ, దాని కింద ఇంకో నాలుగు. మా స్నేహితురాలు ఒకామె, నలభై దాటాక పరుగు మొదలుపెట్టిన మనిషి, ఇలాగే ఒక ఆగస్టు ఆదివారం బలైంది. నీళ్ల బెల్టు కింద బిబ్ మడతపడింది. చిప్ వంగినా, తడిసి ఒంటికి అతుక్కున్నా మ్యాట్ దాన్ని చదవకపోవచ్చు. ఒక మ్యాట్ ఆమెను చదవలేదు. అంతే. హైదరాబాద్ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి వచ్చిన మనిషి, రాత్రి కూర్చుని వాచీ డేటా అంతా తీసి గ్రూపులో పెట్టుకోవాల్సి వచ్చింది. డేటా చూసి అందరూ నోరు మూసుకున్నారు. “సారీ అక్కా” అన్నవాళ్లు లేరు.

అమెరికాలో ఈ ఆరాలు తీయడమే పనిగా పెట్టుకున్న డేటా విశ్లేషకులున్నారు. వాళ్ల వల్ల అసలైన మోసాలు చాలానే బయటపడ్డాయి, కాదనను. అలా బహిరంగంగా ఆరోపణలు ఎదుర్కొన్న ఒక పెద్ద వయసు రన్నర్, నేను మోసం చేయలేదని అంటూనే, ఫలితం రద్దయిన కొద్ది రోజులకి చనిపోయాడు. ఆయన పరుగు మీద ఎవరి తీర్పు ఏదైనా, ఒక మెడల్‌కి అంత మూల్యం ఏ లెక్కనా సరిపోదు.

కాబట్టి నా పట్టింపు ఇంతవరకే. ఒక స్ప్లిట్ లేకపోతే అది అడగాల్సిన ప్రశ్న మాత్రమే. రెండు మూడు మ్యాట్లు లేవు, మిగిలినచోట కిప్టమ్‌ను మించిన వేగం ఉంది, దారిలో ఒక్క ఫొటో కూడా లేదు అంటే అప్పుడది కేసు. ఆ కేసు వెళ్లాల్సింది నిర్వాహకుల దగ్గరికి, గ్రూపులోకి కాదు. అదీ పోడియం ఎక్కినవాళ్ల గురించీ, అర్హత సమయాలు తీసుకున్నవాళ్ల గురించీ మాత్రమే. అయిదున్నర గంటలకు వచ్చినవాడు యూ-టర్న్ ముందే తిరిగాడా అని తవ్వేవాళ్లు ఆ టైమ్‌లో నాలుగు కిలోమీటర్లు పరుగెత్తి రావడం మంచిది. నిర్వాహకులు కూడా డీజేకి పెట్టే డబ్బులో కొంత మిగిల్చి యూ-టర్న్ దగ్గర ఒక మ్యాట్ పరిస్తే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

నేను ఏ మాత్రం సర్దుకుపోలేనిది ఒక్కటుంది. దాన్ని మనవాళ్లు మోసమని అనుకోవడమే లేదు. మారథాన్‌కి ముందురోజు సాయంత్రం మెసేజ్ వస్తుంది. “ఆఫీసు పని పడింది, బిబ్ ఉంది, ఎవరైనా పరుగెత్తుతారా?” ఇచ్చేవాడికి దానం చేసిన తృప్తి, తీసుకున్నవాడికి ఫీజు మిగులు. పాతికేళ్ల కుర్రాడు యాభై ఏళ్ల బాబాయి బిబ్‌తో పరుగెత్తి వయోవర్గం జాబితాను తలకిందులు చేస్తాడు. అదైనా తర్వాత దిద్దుకోవచ్చు. కుర్రాడు దారిలో పడిపోతే? అంబులెన్సులో చూసేది బిబ్ నంబరే. ఆ నంబరుకి ఉన్న పేరు, వయసు, రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ అన్నీ బాబాయివి. 2016 డిసెంబరులో చైనాలోని షియామెన్ హాఫ్ మారథాన్‌లో ఇద్దరు చనిపోయారు. అందులో ఒకరు పెట్టుకున్నది వేరేవాళ్ల బిబ్.

ఈసారి మీరు వెళ్లలేకపోతే నిర్వాహకులకి ఫోన్ చేసి పేరు మార్చే వీలుందేమో అడగండి. లేదంటే బిబ్ ఇంట్లోనే ఉంచేయండి, ఫీజు పోతే పోయింది. వెళ్తుంటే మాత్రం బయల్దేరే ముందు బిబ్ వెనక్కి తిప్పి మీ రక్తం గ్రూపు, వాడుతున్న మందులు, ఇంట్లో ఫోన్ ఎత్తేవాళ్ల నంబరు బాల్‌పెన్నుతో రాసుకోండి. ఇంకు పెన్ను వద్దు, చెమటకి కారిపోతుంది.