పాత లెన్సుకు ఏ కెమేరా?

ఫిల్ము కాలంనాటి నికాన్ ఆటోఫోకస్ లెన్సు ఒకటి, 50 మి.మీ. 1.8డి అనుకోండి, మీ ఇంట్లో మిగిలిపోయిందా? దానికోసం సెకండ్‌హ్యాండు డిజిటల్ కెమేరా కొనేముందు మెగాపిక్సెళ్ళు లెక్కపెట్టకండి.

ఆ లెన్సులో మోటారు ఉండదు. కెమేరాలోని మోటారు తిరిగినప్పుడు, స్క్రూడ్రైవరు మొనలాంటి చిన్న ఇరుసు లెన్సు వెనుక గాడిలో కూర్చుని లోపలి అద్దాలను జరుపుతుంది. 2006లో వచ్చిన డి40 మొదలు నికాన్ తన చవక రకం కెమేరాల్లో ఈ మోటారునే తీసేసింది. 2012 నాటి డి3200నే చూడండి. 24 మెగాపిక్సెళ్ళు! మీ లెన్సు దానికి చక్కగా బిగుస్తుంది, వెలుతురు కొలత కూడా సరిగ్గానే వస్తుంది. ఫోకస్ మాత్రం మీ వేళ్ళతోనే తిప్పుకోవాలి. పరుగెత్తే తమ్ముణ్ణి అలా ఫొటో తీసి చూడండి, తెలుస్తుంది.

2008 నాటి డి90లో పిక్సెళ్ళు అందులో సగమే, వీడియో అంతంతమాత్రం. అయినా నా ఓటు దానికే. లెన్సు బిగించే వలయంలోకి తొంగిచూస్తే ఆ ఇరుసు కంటికే కనబడుతుంది. డబ్బు కాస్త ఎక్కువుంటే 2010 నాటి డి7000. రెంటిలోనూ సెన్సరు ఫిల్ము ఫ్రేముకన్నా చిన్నది కనుక మీ 50 మి.మీ. లెన్సు 75 మి.మీ. లెన్సులా ఇరుగ్గా చూస్తుంది. ముఖాలకు బాగు, గ్రూపు ఫొటోకు నాలుగడుగులు వెనక్కి నడవాలి.

కొనడానికి వెళ్ళేటప్పుడు లెన్సు వెంట ఉంచుకోండి. అపర్చర్ వలయాన్ని 22 దగ్గర బిగించండి. లేకుంటే కెమేరా ‘ఎఫ్‌ఈఈ’ అని చూపి మొరాయిస్తుంది, మీరేమో మంచి కెమేరానే పాడైందనుకుని తిరిగొస్తారు.