ఆహార విలువల పట్టిక: కొలత పచ్చిది, భోజనము వండినది

ఉన్నత పాఠశాలలో ఆహారమును గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఒక పట్టిక లేనిదే పని జరుగదు. 100 గ్రాముల బియ్యములో మాంసకృత్తులు ఇన్ని, కందిపప్పులో ఇన్ని, చేపలో ఇన్ని అని అది వరుసగా చెప్పును. విద్యార్థి దానిని కంఠస్థము చేయును, పరీక్షలో వ్రాయును, ఇంటికిపోయి తల్లికి చెప్పును. ఇంతటి ప్రచారము గల పట్టిక ఏ ప్రశ్నకు సమాధానముగా పుట్టినది, ఏ ప్రశ్నకు సమాధానము కాజాలదు అని విచారించుటయే ఈ విమర్శ ఉద్దేశము.

ఈ అంకెల వంశవృక్షము ఘనమైనది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు అధ్యక్షుడైన ఎయిక్రాయిడ్ 1937లో భారతీయాహారముల విలువలను ‘హెల్త్ బులెటిన్ 23’గా ప్రకటించెను. ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్‌గారలు కూర్చిన గ్రంథము దేశమంతట ప్రమాణమైనది. 2017లో అదే సంస్థ 528 ఆహారపదార్థములను క్రొత్తగా విశ్లేషించి మరియొక సంపుటమును వెలువరించెను. పాత గ్రంథములో 6.8 గ్రాములుగానున్న బియ్యపు మాంసకృత్తు, క్రొత్త దానిలో 7.9 గ్రాములైనది. తన అంకెను తానే తిరిగి పరీక్షించుకొను ఈ పద్ధతి శాస్త్రమునకు అలంకారము. ఇది తెలుగు నేలపై జరుగుచున్న కృషియని మనము గర్వింపవచ్చును.

అయితే ఈ పరంపర కరవుకాలపు బిడ్డ. కొద్దిపాటి డబ్బుతో, కొద్దిపాటి గింజలతో ఒక సంసారమును, ఒక వసతిగృహమును ఏ విధముగా పోషింపవలెను? ఎన్ని బస్తాలు కొనవలెను? అది ఆనాటి ప్రశ్న. అంగడిలో కొనునది పచ్చి సరకు గనుక పచ్చి సరకునే తూచి విలువ కట్టిరి. కడుపు పట్టునా అను సందేహము ఆనాడు లేదు. కడుపు నిండునా అనునదే సందేహము.

నేడు వేరొక భోక్త వచ్చినాడు. అతని కడుపునే తగ్గించిరి. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు స్థూలకాయమునకు జీర్ణాశయమును దాటించు శస్త్రచికిత్సను ఆరంభించెను. నేడు విరివిగా జరుగు రెండు పద్ధతులలో, మొదటిదగు బైపాస్‌లో జీర్ణాశయపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని మాత్రమే ఉంచి దానిని చిన్నప్రేవునకు కలుపుదురు. రెండవదగు స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయమును ముప్పాతిక భాగమునకు పైగా కోసివేసి, 100 నుండి 150 మిల్లీలీటర్లు పట్టు గొట్టమువలె మిగుల్చుదురు. అనగా ఒక చిన్న కాఫీగ్లాసెడు!

కడుపు తగ్గినంత మాత్రమున అవసరము తగ్గునా? తగ్గదు, పెరుగును. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఆరోగ్యవంతుడైన పెద్దవానికి కిలో బరువునకు రోజుకు 0.83 గ్రాము మాంసకృత్తు చాలునన్నది. 60 కిలోల మనిషికి అది 50 గ్రాములు. శస్త్రచికిత్స చేయించుకొన్న వారికైతే రోజుకు కనీసము 60 గ్రాములు, ఎత్తుకు తగిన బరువులో కిలోకు 1.5 గ్రాముల వరకు కావలెనని శస్త్రవైద్య సంఘముల నియమావళి చెప్పుచున్నది. శక్తి చాలని శరీరము క్రొవ్వుతోపాటు కండను కూడ కరగించుకొనును. తూనికయంత్రము ఈ రెండింటికి భేదమెరుగదు. ముల్లు దిగుచున్నదని ఇంటిల్లిపాది సంతోషించుచుండగా, రోగి లోలోపల కండను పోగొట్టుకొనుచుండవచ్చును. తరువాత జుట్టు రాలును, నీరసము కమ్మును, లోపము ముదిరినచో పాదములకు నీరు పట్టును.

ఇట్టివాడు ఆత్రేయపురమువంటి గోదావరి గ్రామమునకు తిరిగివచ్చినాడనుకొందము. ఇంటిలోని పదవతరగతి పిల్లవాడు పట్టిక తీసి చదువును: కందిపప్పు 22 గ్రాములు, చేప 17 గ్రాములు, గ్రుడ్డు 13 గ్రాములు. “పప్పే మిన్న” అని ఇంటివారు తీర్మానింతురు. ఇక్కడనే పట్టిక మోసగించును.

పచ్చి పప్పును ఎవరును తినరు. 100 గ్రాముల కందిపప్పు ఉడికి ముద్దపప్పగునప్పటికి నీటిని పీల్చి మూడింతలకు పైగా బరువెక్కును. మాంసకృత్తు మాత్రము ఆ 22 గ్రాములే. కావున 100 గ్రాముల ముద్దపప్పులో ఉండునది సుమారు 7 గ్రాములు. పప్పుచారైనచో ఇంకను తక్కువ. బియ్యమును అంతే, 100 గ్రాముల అన్నములో రెండున్నర గ్రాములు. చేప గతి దీనికి విలోమము. ఉడికినప్పుడు అది నీటిని విడుచును. బొచ్చెయైనను, శీలావతియైనను, వండిన ముక్క 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తు నిలుచును. గ్రుడ్డు పెంకులో భద్రముగానుండును గనుక దాని అంకె మారదు. ఒక గ్రుడ్డు 6 గ్రాములు. పట్టికలో మొదట నిలిచిన పప్పు విస్తరిలో చివరకు జరిగినది. అంకెలలో తప్పు లేదు, వరుస తారుమారైనది.

లెక్క వేసి చూతము. అన్నము, ముద్దపప్పు సమముగా కలిపిన 100 గ్రాముల ముద్దలో మాంసకృత్తు 5 గ్రాములకు లోపు. 60 గ్రాములు రావలెనన్న రోజుకు కిలోంబావు ముద్ద తినవలెను. ఆరు పూటలు, పూటకు 100 గ్రాముల చొప్పున తినువానికి దక్కునది 28 గ్రాములే. సగమైనను కాలేదు.

అదే ఇంటిలో, అదే ఊరి సరకుతో, వేరొక లెక్క సాధ్యము. రెండు గ్రుడ్లు 12. వండిన చేప 100 గ్రాములు 20. గేదెపాలు ఒక గ్లాసు 8. పెరుగు 200 గ్రాములు 6. ముద్దపప్పు 100 గ్రాములు 7. వేయించిన శనగపప్పు పొడి 30 గ్రాములు దాదాపు 7. మొత్తము 60. బరువు ముప్పాతిక కిలోకు లోపే. దీనిని ఆరేడు విడతలుగా పంచుకొనవచ్చును. పెరుగును గుడ్డలో మూటగట్టి నీరు వార్చినచో ఇంకను తక్కువ చోటు పట్టును. శాకాహారులు చేప, గ్రుడ్డు స్థానమున పనీరును, సోయాను వాడుదురు. తొలి వారములలో ద్రవములు, పిమ్మట మెత్తని ముద్దలు, ఆపైననే గట్టి ఆహారము అను క్రమమును, మూత్రపిండముల వ్యాధి ఉన్నచో మాంసకృత్తుల పరిమితిని, వైద్యుడే నిర్ణయింపవలెను.

ఆత్రేయపురము పేరెత్తి పూతరేకులను మరచుట న్యాయము కాదు. బోర్లించిన కుండపై క్షణములో ఆరిన బియ్యపు పొర, పంచదార లేక బెల్లము, నెయ్యి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి నైపుణ్యమునకు సాటిలేదు. కాని దీనిలో చెప్పదగినంత మాంసకృత్తు లేదు. పైగా బైపాస్ చేయించుకొన్న వానికి పంచదార నేరుగా చిన్నప్రేవునకు దిగి గుండెదడ, చెమట, కడుపునొప్పి కలుగవచ్చును. పలుచని పొరయే కదా, బరువేముండునని పెట్టు బంధువు ప్రేమను తప్పు పట్టలేము. ఆ ప్రేమ తూకమునే చూచినది, కూర్పును చూడలేదు.

రెండవ ఆక్షేపణ ‘మాంసకృత్తు’ అను శీర్షికను గూర్చినది. పట్టికలోని ఆ అంకె సాధారణముగ నేరుగా కొలిచినది కాదు. 1883లో కెల్డాల్ కనుగొన్న పద్ధతిచే నత్రజనిని కొలిచి, దానిని 6.25 చేతనో, బియ్యమునకైనచో 5.95 చేతనో హెచ్చవేసి వచ్చిన ఫలితము. నత్రజని ఎచ్చటినుండి వచ్చినదో ఈ లెక్కకు తెలియదు. 2008లో చైనాలో పాలకు మెలమిన్ కలిపి పసిబిడ్డలకు ముప్పు తెచ్చిన వంచకులు ఈ గ్రుడ్డితనమునే వాడుకొనిరి. పప్పులోని 7 గ్రాములు, గ్రుడ్డులోని 7 గ్రాములు శరీరమునకు సమానము కావు. బియ్యములో లైసీను కొరత, పప్పులో మిథియొనీను కొరత. రెండును కలిసి ఒకదాని కొరతను మరియొకటి తీర్చును. 2017 సంపుటము ఆమైనో ఆమ్లములను వివరముగా ఇచ్చినది. పాఠశాల పట్టికకు ఆ జ్ఞానము దిగిరాలేదు.

మూడవది సలహాలను గూర్చినది. కండలు పెంచుటకై మాంసకృత్తుల పొడులను వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో హితవు చెప్పినది. వ్యాయామశాలల వ్యామోహమును తలచినచో అది మంచి మాటయే. కాని అది ఆరోగ్యవంతుల కొరకు చెప్పినది. కడుపు కుదించుకొన్న వానికి, ద్రవాహారపు తొలి వారములలో, వైద్యుడు వ్రాసి ఇచ్చిన పొడి వ్యామోహము కాదు, ఔషధముతో సమానము. ఈ భేదమును ఒక వాక్యములో చెప్పనిచో, పత్రికలో శీర్షికను మాత్రము చదివినవాడు డబ్బా మూసివేయును.

దీనికొక సమాధానము చెప్పవచ్చును: “వంటకము ఇంటింటికి మారును; ఒకరి పప్పు ముద్ద, మరియొకరిది నీరు. పచ్చి సరకు ఒక్కటే నిలుకడగలది. శాస్త్రమునకు నిలుకడ కావలెను.” ఇది బలమైన వాదమే. వంటకముల విలువలను వేరుగా లెక్కగట్టిన పుస్తకములు కూడ లేకపోలేదు. అయినను నిలుకడ కొరకు వాస్తవమును విడువనక్కరలేదు. చిక్కని పప్పు, నడిమి పప్పు, పలుచని చారు అని మూడు మెట్లుగా చూపినచో చాలును.

ఈ పని తరగతిలోనే ఆరంభింపవచ్చును. 100 గ్రాముల కందిపప్పును తూచుడు, ఉడికించుడు, ముద్దపప్పును మరల తూచుడు. బరువు 320 గ్రాములైనచో 22ను 3.2 చేత భాగింపుడు, 6.9 వచ్చును. ఒక గరిటెలో ఎన్ని గ్రాములు పట్టునో చూచి, గరిటెకెంతయో లెక్కింపుడు. చేపముక్కతోను అట్లే చేయుడు. ఒక్క త్రాసు, ఒక్క పొయ్యి చాలును. ద్రవ్యనిత్యత్వ నియమమును, భాగహారమును, పోషణశాస్త్రమును విద్యార్థి ఒకే గంటలో నేర్చుకొనును.

పాఠ్యపుస్తకపు పట్టికలో ‘పచ్చి సరకు 100 గ్రాములకు’ అను వరుస ప్రక్కన ‘వండినది ఒక గరిటెకు’ అను మరియొక వరుస చేర్చవలెనని మా సూచన. ఆకలిగొన్నవాని కొరకు పుట్టిన పట్టిక, కొద్దిగా మాత్రమే తినగలవానికి కూడ అప్పుడే అక్కరకు వచ్చును. కడుపు కుదింపబడినవాడొక్కడే కాదు. పండ్లూడిన ముసలివాడు, జ్వరము తగ్గి కోలుకొను రోగి, నాలుగు ముద్దలకే విస్తరి ముందునుండి లేచు పసివాడు, వీరందరును ఆ రెండవ వరుస కొరకు ఎదురుచూచుచున్నవారే.