బండి ఎప్పుడు లాగనంటోంది?

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే సరుకు లారీలు సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న జోజిలా కనుమ ఎక్కి దిగాలి. దిగితే ద్రాస్. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువకు పడిపోవడం మామూలే. ఆ దారిలో డ్రైవర్లను పీడించే జబ్బు ఒకటుంది: బండి ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది, కాసేపు ఆగితే తనంతట తనే దారికొస్తుంది. షెడ్డుకు చేరేసరికి లోపమేమీ కనిపించదు.

అందుకే పని తెలిసిన మెకానిక్ పానా పట్టేముందు డ్రైవర్‌ని కూర్చోబెట్టి అడుగుతాడు. ఎక్కుడులోనేనా, చదునులోనూ ఇంతేనా? ఆగి బయల్దేరాక ఎంతదూరం బాగా లాగింది? పొగ రంగేమిటి?

చాలామంది నేరాన్ని ఎత్తు మీదకు నెట్టేస్తారు. నిజమే, జోజిలా మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండొంతులే. కానీ పలచని గాలి వల్ల తగ్గే శక్తి ఎత్తును బట్టి క్రమంగా తగ్గుతుంది, ఇలా వచ్చి పోదు. ముందు అనుమానించాల్సింది డీజిల్‌ని. చలికి అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌లో పేరుకుంటుంది. ఎక్కుడులో ఇంజన్‌కు కావలసినంత డీజిల్ అందదు. ఆగినప్పుడు ఇంజన్ వేడికి మైనం కాస్త కరుగుతుంది, బండి మళ్లీ కదులుతుంది. పాత లారీల్లో పొగే సాక్షి: నల్లగా కక్కితే గాలి చాలడం లేదు, టర్బో పైపులు చూడాలి, పొగ లేకుండానే శక్తి పడిపోతే డీజిల్ అందడం లేదు.

మరీ మోసకారి లోపం ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టంలో ఉంటుంది. చలికి రబ్బరు వాషర్లు గట్టిపడి సందు ఇస్తే గాలి లోపలికి దూరుతుంది. అది పంపు పీల్చుకునే వైపు కాబట్టి, ఇంజన్ నడుస్తుండగా బయటికి చుక్క కూడా కారకపోవచ్చు. అక్కడ పారదర్శకమైన గొట్టం బిగించి ఇంజన్ నడిపితే బుడగలు కళ్లకే కనిపిస్తాయి. కొత్త లారీల్లో స్కానర్ పెడితే రైల్ ప్రెషర్ (డీజిల్ ఒత్తిడి) తగ్గిందని చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. ఈ చిన్న గొట్టం పరీక్ష చేయకుండా ఖరీదైన పంపు మార్పించడం లారీ యజమానికి చేసే అన్యాయం.

సున్నాకు 33 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టని డీజిల్‌ను 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం తెచ్చింది. కానీ మైదానంలో మామూలు డీజిల్ ట్యాంకు నిండా పోయించుకుని పైకెక్కే లారీకి ఆ మేలు అందదు. మైనం కట్టకుండా కిరసనాయిలు కలిపితే నేటి పంపులు అరిగిపోతాయి, డీజిలే వాటికి కందెన. ట్యాంకు కింద మంట పెట్టడం ప్రాణాలతో చెలగాటం. డ్రైవర్ సోదరులారా, కనుమ ఎక్కేముందు ఫిల్టర్ మార్చండి, అడుగున చేరిన నీళ్లు వదిలేయండి, ఇంకో ఫిల్టర్ క్యాబిన్‌లో పెట్టుకోండి.