షాఫ్టు బిగించే చేయి

గోల్ఫ్‌లో పేరంతా ఆడేవాడిదే. ఐరన్ క్లబ్బుకి తగిన షాఫ్టును, అంటే దాని కాడను, ఎంచి బిగించే పనివాడంటే నాకు అంతకు మించిన గౌరవం. 1929లో సెయింట్ ఆండ్రూస్‌లోని గోల్ఫ్ నియమాల సంస్థ ఆర్ అండ్ ఏ ఉక్కు షాఫ్టులకు ఒప్పుకునేదాకా అక్కడ హికరీ కర్రదే రాజ్యం. 1970ల్లో గ్రాఫైట్ వచ్చింది. ఉక్కు షాఫ్టు సుమారు 120 గ్రాములు తూగితే, గ్రాఫైట్ 60కి కూడా దిగుతుంది. బంతి తగిలినప్పటి అదురును చాలావరకు తానే మింగేస్తుంది. మోచేయి నొప్పితో ఆడేవాళ్లకు అదెంత ఊరటో! అయినా మంచి పనివాడు వయసు అడిగి ఏ షాఫ్టో తేల్చేయడు. బంతులు కొట్టించి ఊపులోని వేగం, లయ చూస్తాడు. ఆ తర్వాతే పాత జిగురును వేడితో వదులుచేసి, కొత్త షాఫ్టును ఎపాక్సీతో అతికిస్తాడు. 2020 యూఎస్ ఓపెన్‌ను బ్రైసన్ డిషాంబో గ్రాఫైట్ షాఫ్టుల ఐరన్లతోనే గెలిచాడు. ముసలివాళ్ల షాఫ్టని దాన్ని ఇక చిన్నచూపు చూడకండి.