ఒక్క కణాన్ని ఎంచే చేతులు

సంతానలేమి చికిత్సలో వాడే ఇక్సీ (ICSI) పద్ధతిలో లక్షల వీర్యకణాల పోటీ ఉండదు. ఎంబ్రియాలజిస్టు ఒక్కదాన్ని ఎంచి, దాన్నే అండంలోకి పంపుతారు. 1992లో బ్రస్సెల్స్‌లో జాన్‌పియెరో పలెర్మో బృందం ఈ పద్ధతితో తొలి గర్భాలను ప్రకటించింది. అప్పటినుంచీ ఎంపిక భారమంతా మనిషి కంటిమీద, చేతిమీద పడింది.

ముందు వడపోత. గొట్టంలో అడుగున చిక్కటి ద్రవం, పైన పలచటిది పొరలుగా పోసి, వాటిమీద వీర్యం వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. డీఎన్ఏ బిగుతుగా సర్దుకున్న కణాలు ఎక్కువగా అడుక్కి చేరతాయి.

అసలు పనితనం ఆ తర్వాతే. వేగం తగ్గించే జిగురు ద్రవపు చుక్కలో కణాలు ఈదుతుంటాయి. తల పొడవు సుమారు 5 మైక్రాన్లు. అది కోడిగుడ్డు ఆకారంలో ఉందా, మెడ వంగిందా, తోక చుట్టుకుపోయిందా? కదిలే కణాన్ని చూస్తూనే ఇవన్నీ తేల్చుకోవాలి. నచ్చినదాని తోకను గాజు సూది మొనతో డిష్ అడుగుకు నొక్కి లాగుతారు. చూడటానికి కటువుగా ఉన్నా ఇది అవసరం. పైపొర చిట్లితేనే లోపలి ప్రొటీన్ అండంలోకి చేరి దాన్ని మేల్కొలుపుతుంది.

అండాన్ని పట్టడంలోనూ ఎంతో జాగ్రత్త. దాని పక్కనున్న చిన్న ధ్రువకణాన్ని గడియారంలో 12 లేదా 6 అంకె ఉండే చోటికి తిప్పి, సూదిని 3 వైపునుంచి దించుతారు. క్రోమోజోములు సాధారణంగా ఆ ధ్రువకణం చేరువలోనే ఉంటాయి, వాటికి సూది తగలకూడదు. అండం పొర గరాటులా లోపలికి సాగుతుంది గానీ వెంటనే తెగదు. కొద్దిగా పీల్చగానే తెగుతుంది. ఆ క్షణాన్ని గుర్తించి పీల్చడం ఆపి, వీలైనంత తక్కువ ద్రవంతో వీర్యకణాన్ని వదిలే ఆ వేళ్ల నిగ్రహం నన్ను అబ్బురపరుస్తుంది.

అయితే వీర్యకణం తల లోపలి డీఎన్ఏ ఎలా ఉందో కంటికి కనబడదు. అందుకే పరిణతి చెందిన కణాలు హయలురోనన్ అనే పదార్థానికి అతుక్కుంటాయన్న గుణాన్ని ఎంపికకు వాడారు. బ్రిటన్‌లో 2,772 జంటలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఈ ఎంపికతో నెలలు నిండిన సజీవ జననాలు 27.4 శాతం, మామూలు ఇక్సీతో 25.2. ఆ తేడా నమ్మదగినంత పెద్దది కాదని పరిశోధకులే చెప్పారు. తమ ఆశను ఇంత పెద్ద పరీక్షకు నిలబెట్టి, వచ్చింది వచ్చినట్టు చెప్పడం కూడా పనితనమే. గర్భస్రావాలు మాత్రం 7 శాతానికి బదులు 4.3 శాతమే కనిపించాయి. అయినా జననాలు పెరిగినట్టు తేలలేదు కాబట్టి ప్రతి జంటచేతా దీనికి అదనంగా ఖర్చు పెట్టించడం తగదంటాను. గర్భం నిలవక బాధపడుతున్నవారిలో మాత్రం దీన్ని విడిగా పరీక్షించాలి.