సంభాషణ, సమానత్వం: గోరా గ్రంథ పరిశీలన

మచిలీపట్నం హిందూ కళాశాలలో వృక్షశాస్త్ర అధ్యాపకులుగా పనిచేసిన గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు తరలింది. 1951లో వెలువడిన ఆయన ఆంగ్ల గ్రంథం ‘యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ’ ఒక ఆస్తికునికీ ఒక నాస్తికునికీ నడుమ సాగిన సంభాషణల కథనం. అస్పృశ్యతా నిర్మూలన వారిని కలిపిన అంశం. ఎవరి విశ్వాసమూ మారలేదు. ఏకీభావం ఆచరణలో కుదిరింది. గోరా కుమార్తె మనోరమకూ, దళితుడైన అర్జునరావుకూ ఆశ్రమంలో వివాహం జరిపించడానికి గాంధీ అంగీకరించారు. ఆయన మరణానంతరం, 1948లో, ఆ వివాహం సేవాగ్రామ్‌లో జరిగింది.

అయితే ఈ సంభాషణలో పాల్గొన్న ఇద్దరూ అస్పృశ్యతను అనుభవించినవారు కారు. ఎవరి సమానత్వం గురించి చర్చ జరిగిందో వారు ఇందులో వక్తలు కాలేదు. భిన్న వర్గాల మధ్య సంభాషణకు పూనుకొనే నేటి అధ్యాపకులు గోరా పద్ధతిని స్వీకరిస్తూనే, ఈ లోపాన్ని పూరించవలసి ఉంది.